నాలుగో తీగ

హనోకు గిటారు పైకొమ్ముకు దవడ ఆనించి, నాలుగో తీగను ఐదో మెట్టు దగ్గర నొక్కి బొటనవేలితో ఒకసారి మీటాడు. వెంటనే మూడో తీగను మీటాడు. మంచం పట్టె మీద కూర్చుని అలా ముందుకు వంగిన మనిషిని చూస్తే ఎవరైనా పంటినొప్పి అనుకుంటారు. తీగల మోత చెక్కలోంచి దవడ ఎముకలోకి, అక్కడి నుంచి పళ్లలోకి వచ్చింది. రెండు తీగలూ కలవకపోతే పళ్లలో చీమలు పాకినట్టుంటుంది. తీగ బిగించే మర కొద్దిగా తిప్పితే చీమలు నెమ్మదిస్తాయి. ఇంకొంచెం తిప్పితే ఆగిపోతాయి. చీమలు ఆగినచోట తీగలు కలిసినట్టు.

ఆరేళ్లుగా అతను శ్రుతి చేసుకునే పద్ధతి ఇదే. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి దగ్గరికి వచ్చి మాట్లాడితే మాట అందుతుంది. పాట మాత్రం గోడ అవతల ఎవరో బిందెలు కడుగుతున్నట్టు వినబడుతుంది. ఈ సంగతి భార్య శారమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. కూతురు ఎస్తర్‌కు కూడా తెలియదు. బాపు చిన్నప్పటి నుంచీ తక్కువ మాట్లాడే మనిషి, ఇప్పుడు ఇంకా తక్కువ మాట్లాడుతున్నాడు అనుకుంటుందామె. తెలిస్తే చర్చి పాటల బృందంలో కిటికీ పక్కన ఉన్న తన చోటు పోతుందని హనోకు భయం. యాభై ఎనిమిదేళ్ల మనిషికి తనదని చెప్పుకోవడానికి ఆ రెండు గజాల చోటు తప్ప పెద్దగా ఏమీ లేదు.

నాలుగే లావు తీగలున్న బేస్ గిటారు అది, ముదురు ఎరుపు. కుడి మోచేయి ఆనేచోట రంగు పోయి చెక్క బయటపడింది. అది అరచేయంత వెడల్పున నున్నగా, తేనె రంగులో ఉంటుంది. భుజానికి తగిలించుకునే పట్టీ కొన్నది కాదు. చెరుకు పిప్పిని మోసే బెల్టు తెగినప్పుడు తను పనిచేసిన ఫ్యాక్టరీలో పారేసిన ముక్కను కోసి, చెప్పులు కుట్టే అతనితో రెండు వరుసలు కుట్టించుకున్నాడు. ఫ్యాక్టరీ మూతపడింది. పట్టీ తెగలేదు.

వెనక గదిలోంచి ఎస్తర్ వచ్చింది. మెడకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో మిరియాల నీళ్ల గ్లాసు పట్టుకుని ఉంది. తండ్రి వీపు వెనక నిలబడి రెండు గుక్కలు తాగింది.

"బాపు, నా గొంతు వట్టుకపోయింది. ఇయ్యాల కోత పాట రెండు మెట్లు కిందికి దించి పాడుత. రాజ్ కిరణ్‌కు ఫోన్ల చెప్పిన. నువ్వు గూడ యాదికుంచుకో," అంది.

అదే సమయంలో హనోకు రెండో తీగ కలిసిందని తృప్తిపడి తల ఊపాడు. ఎస్తర్ ఆ ఊపు చూసి లోపలికి వెళ్లిపోయింది.

పొయ్యి దగ్గర నుంచి శారమ్మ గుమ్మడికాయ ఎత్తుకొచ్చి అతని ముందు పెట్టింది. పెరట్లో కాసినదే. ఆ ఆదివారం కోత పండుగ. పండించినదాంట్లో మొదటిది తీసుకుపోయి బలిపీఠం ముందు పెట్టాలి. ఆరాధన అయ్యాక సంఘపెద్ద వాటిని వేలం వేస్తాడు. అక్కడ పెట్టినదాన్ని పెట్టినవాళ్లు వెనక్కి తీసుకోకూడదు. ఏడేళ్ల కింద ఒకామె కోడిని పెట్టి, ఇంటికి పోయాక మనసు మార్చుకుని వస్తే, సంఘమంతా ఆమెను ఏడాది పాటు కోడి పేరుతోనే పిలిచింది.

శారమ్మ అతని కుడి చెవి దగ్గరికి వంగింది. "గుమ్మడికాయ నువ్వు వట్టుకో. గిటారు భుజానికేసుకో. రెండిట్ల ఏదన్న కింద వడ్డదంటే మాత్రం గుమ్మడికాయనే వడాలె, నాకు తెల్సు."

హనోకు నవ్వాడు.

*

అతనికి గిటారు ఇచ్చినవాడు నిజామాబాద్‌లో ఆర్కెస్ట్రా నడిపిన లక్ష్మీరాజం. పెళ్లిళ్లకు, గణపతి మండపాలకు ఆ ఆర్కెస్ట్రా వాయించేది. హనోకుకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. పాడతానని వెళ్లాడు. లక్ష్మీరాజం పాట సగం విని, గొంతు సంగతి మాట్లాడకుండా అతని చేతులు పట్టుకుని చూశాడు. "గీ వేళ్లు పాటకు పనికిరావు గని, లావు తీగలకు వనికొస్తయి," అన్నాడు. మొదటి నెల రెండే స్వరాలు వాయించనిచ్చాడు. ఒకటి వాయించడం, తరవాత ఆగడం. "వాయించుడు ఎవడైన నేరుస్తడు. ఆగుడు నేర్చుకో," అనేవాడు.

హనోకు ఆగడం నేర్చుకున్నాడు. బోధన్ కాలువల కింద భూములు కొన్న ఆంధ్ర రైతుల ఇళ్లల్లో పెళ్లిళ్లకు వాయించాడు. రెంజల్ అవతల మరాఠీ ఊళ్లలో వాయించాడు. పాడేవాడి పేరు అడిగేవారు, డోలక్ వాయించేవాడికి పూలదండ వేసేవారు. వెనక చీకట్లో నిలబడిన మనిషిని ఎవరూ చూసేవారు కాదు. అది అతనికి నచ్చేది. అన్నం తినేవాడు ఉప్పు సంగతి ఎత్తకపోతే ఉప్పు సరిపోయినట్టే కదా అనుకునేవాడు.

రేడియోలో పాట వస్తే అందరికీ పాట వినబడేది, అతనికి దాని కింద నడిచే లావు మోత వినబడేది. పొలం గట్టు మీద నడుస్తూ దాన్నే గొణిగేవాడు. పెళ్లయిన కొత్తలో శారమ్మ పడీపడీ నవ్వేది. "లోకమంత పాట పాడుతది, నువ్వేందయ్య, సూడి బర్రె మూలిగినట్టు మూలుగుతవు!" తీగను బొటనవేలితో కొట్టి టకటకలాడించే కొత్త వాయింపు అతనికి గిట్టదు. స్వరం మధ్యలో అనవసరంగా పరుగెత్తేవాళ్లను చూస్తే, అన్నం వడ్డిస్తూ కంచంలో వేళ్లు పెట్టినవాళ్లను చూసినట్టు మొహం పెడతాడు. నెమ్మదిగా నడిచే పాత కీర్తనలు ఇష్టం. వాటిలో ఆగడానికి చోటుంటుంది.

తరవాత చెరుకు ఫ్యాక్టరీలో పని దొరికింది. గానుగ హాలులో ఇరవై రెండేళ్లు చేశాడు. గానుగలు తిరుగుతుంటే మనిషి మనిషి చెవిలో అరవాల్సిందే. కానీ ఆ మోతకు ఒక స్వరం ఉందని హనోకు కనిపెట్టాడు. చెరుకు బాగా పడితే స్వరం కొంచెం దిగేది, తగ్గితే లేచేది. నూనె డబ్బా పట్టుకుని తిరుగుతూ ఆ స్వరంతో కలిపి గొంతులో గొణిగేవాడు. అంత పెద్ద తోడు అతనికి ఏ ఆర్కెస్ట్రాలోనూ దొరకలేదు. అదే తన చెవులను కొద్దికొద్దిగా తింటోందని అప్పుడు తెలియలేదు. ఫ్యాక్టరీ ఆగిన రోజు అందరూ బయట నినాదాలు ఇస్తుంటే, అతను మాత్రం లోపల గానుగ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. మోత ఆగింది. చెవుల్లో ఈల మాత్రం ఆగలేదు. ఇప్పటికీ ఆగలేదు. ఇప్పుడు ఊరి బయట ఒక రైసు మిల్లులో బాయిలర్‌కు ఊక తోస్తాడు.

*

చర్చి గేటు దగ్గర రెండు వైపులా చెరుకు గడలు కట్టారు. లోపల బలిపీఠం ముందు వరి పనలు, వేళ్లతో పీకిన పసుపు మొక్కలు, జొన్న కంకులు, చెరుకు గడల కట్ట, కాళ్లు కట్టిన రెండు కోళ్లు, కోడిగుడ్ల బుట్ట. హనోకు గుమ్మడికాయను వరి పనల పక్కన పెట్టి, లేచి వేదిక వైపు చూశాడు. చూసి అక్కడే నిలబడిపోయాడు.

చెక్క వేదిక లేదు. దాని స్థానంలో మోకాలెత్తు సిమెంటు దిమ్మె, దాని మీద అద్దంలా మెరిసే నల్ల బండలు. నెల రోజులుగా పని జరుగుతోందనీ, అందుకే ఆరాధనా, పాటల సాధనా ఎస్తర్ పాఠాలు చెప్పే బడిలో పెట్టుకున్నారనీ అతనికి తెలుసు. చెక్కనే బాగుచేస్తున్నారనుకున్నాడు.

సౌండు సిస్టం భీమన్నది. టెంట్ హౌస్ ఓనరు, లక్ష్మీరాజం ఆర్కెస్ట్రాకు మైకులు మోసిన కాలం నుంచి హనోకుకు స్నేహితుడు. హనోకు బండల వైపు చూడడం చూసి దగ్గరికి వచ్చాడు.

"ఏందన్నా, మీ దేవుని గుడి షాదీఖాన లెక్క మెరుస్తున్నది. జర జూసి నడువుర్రి. ప్రార్థన షురూ గాకముందుకే మోకాండ్ల మీద వడుతరు!"

హనోకు చెప్పులు విడిచి బండ మీద కాలు పెట్టాడు. చల్లగా ఉంది. రాయి ఏమీ చెప్పలేదు. పాత వేదిక టేకు చెక్క, కింద ఖాళీ. కీబోర్డు స్వరమూ, తన స్వరమూ ఆ ఖాళీలో కలిసి అరికాళ్లలోకి వచ్చేవి. ఆరేళ్లుగా అతను పాటను సగం కాళ్లతోనే విన్నాడు.

మిగిలినవి రెండు. ఒకటి, కీబోర్డు వాయించే రాజ్ కిరణ్ ఎడమ చెయ్యి. అతని చిటికెన వేలు ఏ కీ మీద పడితే హనోకుకు అదే స్వరం. రెండోది, పక్క కిటికీలో లప్పం ఊడి వదులైన అద్దం. నాలుగో తీగ మోగితే అది వణుకుతుంది. వణికితే తన మోత జనంలోకి పోతున్నట్టు.

ఈ రెండూ చాలనుకుని పట్టీ భుజానికి వేసుకున్నాడు.

పాస్టరు ప్రార్థన చేశాడు. ఎస్తర్ మైకు ముందుకు వచ్చింది. రాజ్ కిరణ్ కీబోర్డు మీద ఒక బొత్తాం రెండుసార్లు నొక్కాడు. ఆ బొత్తాం నొక్కితే చెయ్యి ఉన్నచోటే ఉంటుంది, స్వరం మాత్రం మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. వేళ్లకు ఎప్పటి పాటే, చెవులకు వేరే పాట. తాళం సరిచేస్తున్నాడనుకున్నాడు హనోకు.

చిటికెన వేలు పడింది. హనోకు వేలూ పడింది. కిటికీ అద్దం వణికింది.

కోత పాట అతనికి ఇష్టమైన పాట. చరణం చివర ఒక పెద్ద ఆగుడు ఉంది. అందరూ ఊపిరి పీల్చుకునే ఆ చోట తాను ఒక్క స్వరం వేసి వదలాలి. వేశాడు. అద్దం గట్టిగా వణికింది. ముందు వరసలో ముసలాయన తల ఎత్తి అతని వైపు చూశాడు. పక్కన ఇద్దరు చూశారు. ఆడవాళ్ల వైపు నుంచి కూడా చూశారు. ఇన్నేళ్లలో అంతమంది తన వైపు చూడడం అదే మొదటిసారి. చెక్క పోయినా మోత బాగానే పోతోందన్నమాట. హనోకుకు ఛాతీలో వెచ్చగా అనిపించింది. ఎప్పుడూ చేయనిది, రెండో చరణంలో ఒక చిన్న పరుగు కూడా వేశాడు. శారమ్మ తల వంచుకుని కొంగు అంచును మడతలు పెడుతోంది. ప్రార్థిస్తోంది కాబోలు అనుకున్నాడు.

ఎస్తర్ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆమె పెదవులు పాట మాటలు పలకకుండా ఒక క్షణం ఆగాయి.

అప్పుడు అద్దం ఆగిపోయింది.

హనోకు ఇంకాస్త గట్టిగా మీటాడు. అద్దం కదలలేదు. అద్దం అవతల చెరుకు ఆకు గాలికి ఊగుతోంది, అద్దం ఊగడం లేదు. వైరు చూశాడు. సరిగానే ఉంది. తలుపు పక్కన మిక్సరు ముందు నిలబడిన భీమన్న వైపు చూశాడు. భీమన్న గబుక్కున నీళ్ల సీసా ఎత్తి తాగడం మొదలుపెట్టాడు. అతని రెండో చెయ్యి మాత్రం మిక్సరు మీద ఒక మీటను చివరంటా దించి, దాని మీదే ఉండిపోయింది.

ముందు వరస ముసలాయన తల దించుకుని హాయిగా పాడుతున్నాడు.

హనోకు వాయించడం ఆపలేదు. తరవాత ఇంకా మూడు పాటలు వాయించాడు. వేళ్లు ఎక్కడ పడాలో అక్కడే పడ్డాయి. ఆగాల్సిన చోట ఆగాడు. ఒక్క స్వరం కూడా బయటికి పోలేదు. ఆపితే తనకు తెలిసిపోయిందని వాళ్లకు తెలుస్తుంది. వాళ్లు అంత జాగ్రత్తగా తల దించుకున్నది తనకు తెలియకూడదనే.

పాస్టరు వాక్యం చెబుతున్నప్పుడు వంగి కీబోర్డు బుల్లితెర మీద అంకె చూశాడు. రెండు. ముందు ఒక చిన్న అడ్డగీత. పొద్దున నుంచీ ఎస్తర్ మెడకు ఉన్న తువ్వాలు గుర్తొచ్చింది.

*

ఆరాధన అయ్యాక అందరూ ఆవరణలోకి చాయ్ తాగడానికి వచ్చారు. వంట గాడిపొయ్యి దగ్గర భీమన్న అతన్ని పక్కకు తీసుకుపోయాడు. ఏమనుకున్నాడో, కుడి చెవి వైపే నిలబడ్డాడు.

"వైరు లూజుండె అన్నా. గందుకే జర తగ్గించిన."

"వైరు మంచిగనే ఉన్నది."

భీమన్న చాయ్ కప్పులో చూశాడు. "ఎన్నేండ్ల సంది?"

"ఆరు."

"ఆరేండ్లా! మరి గిన్ని దినాలు ఎట్ల వాయించినవే?"

"పిల్లగాని చిటికెన వేలు సూసుకుంట."

భీమన్న పెద్దగా నవ్వాడు. నవ్వు సగంలో ఉండగానే అతని మొహం మారిపోయింది. "నేనెవ్వనికి చెప్ప," అన్నాడు.

"చెప్పెటందుకు ఏమున్నది భీమన్నా. అందరు ఇన్నరు. ఇననిది నేనొక్కన్నే."

ఎదురుగా నిలబడిన ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకోవడం ఆపి అతని భుజం మీదుగా వెనక్కి చూస్తున్నారు. హనోకు వాళ్ల చూపును బట్టి తిరిగాడు. వెనక మూడడుగుల దూరంలో ఎస్తర్ నిలబడి ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎన్నిసార్లు పిలిచిందో తెలియదు.

"పొద్దుగాల నువ్వు తల ఊపితివి గద బాపు," అంది. పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు.

మళ్లీ తల ఊపాడు. ఎస్తర్ తువ్వాలులో మొహం దాచుకుంది.

రాజ్ కిరణ్ వచ్చాడు. ఆస్పత్రిలో మందులిచ్చే పని చేస్తాడు. పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలో తెలిసినవాడు. చెవి దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పాడు. "మామా, గియ్యాల్టి సంది నేను బొత్తాం నొక్క. నీకు కనవడేటట్టే వాయిస్త. నువ్వు పరేషాన్ గాకు. నీ జాగ నీదే."

హనోకు అతని వైపు చూశాడు. మంచి పిల్లవాడు. మాట అంటే నిలబెట్టుకుంటాడు. బొత్తాం నొక్కడు. గొంతు బాగాలేని రోజు కూడా ఎస్తర్ మెడ నరాలు ఉబ్బేలా పైస్థాయిలో పాడుతుంది. భీమన్న మీట దించడు. ముందు వరస ముసలాయన తల ఎత్తడు. తన ఒక్క చోటు కోసం పాటంతా పక్కకు జరిగి నిలబడుతుంది.

"వద్దు బిడ్డా," అన్నాడు. "పాట ఎస్తర్ గొంతెంబడి పోవాలె. నా కండ్లెంబడి గాదు."

రాజ్ కిరణ్ ఏదో అనబోయాడు. హనోకు అతని ఎడమ చెయ్యి పట్టుకుని చిటికెన వేలును ఒకసారి నొక్కి వదిలేసి, చర్చి మెట్లెక్కాడు.

లోపల ఎవరూ లేరు. కోళ్లు మాత్రం ఉన్నాయి. భుజం మీది తువ్వాలుతో తీగలు నాలుగూ తుడిచాడు. కింద మెట్టు నుంచి పై మెట్టు దాకా, చెమట మిగలకుండా. దవడ ఆనించి నాలుగో తీగ ఒకసారి మీటాడు. మోత పూర్తిగా ఆరిపోయేదాకా అలాగే ఉన్నాడు. తరవాత గిటారును బలిపీఠం ముందు చెరుకు గడల కట్టకు ఆనించి, జారకుండా కింద గుమ్మడికాయను అడ్డం జరిపి, పక్క తలుపులోంచి బయటికి వెళ్లాడు. కాలువ గట్టు పట్టుకుని రైసు మిల్లు వైపు నడిచాడు. ఆదివారం అతనికి పని లేదు.

*

వేలం మొదలైంది. వరి పనలు పోయాయి. పసుపు మొక్కలు, గుడ్లు పోయాయి. ఒక కోడి తప్పించుకుని బెంచీల కింద పరుగెత్తితే పిల్లలు పట్టుకొచ్చారు. అందరూ నవ్వారు. సంఘపెద్ద చెమట తుడుచుకుంటూ చెరుకు కట్ట దగ్గరికి వచ్చి ఆగాడు.

"గిదెవరు గీడ పెట్టిండ్రు? హనోకు మర్చిపోయిండా?" గిటారు మెడ మీద చెయ్యి వేసి ఎత్తబోయాడు. "ఓ పిల్లగా, గిది పక్కకు పెట్టుర్రి."

ఆడవాళ్ల వైపు నుంచి శారమ్మ లేచింది. సంఘంలో ఆమె నిలబడి మాట్లాడడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"తియ్యకుర్రి," అంది. "మర్చిపోలె. ఇచ్చింది ఇచ్చినట్టే."

సంఘపెద్ద చెయ్యి తీసేశాడు. ఎస్తర్ తల్లి పక్కకు వచ్చి నిలబడింది. వేలం ఎవరు పాడతారు అని అడగకుండానే సంఘపెద్ద చెమట మళ్లీ తుడుచుకున్నాడు. రాజ్ కిరణ్ కీబోర్డు వైరు చుట్టడం ఆపి, చుట్టిన వైరు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కాసేపటికి వేలం రెండో కోడి దగ్గరికి వెళ్లింది. తరవాత అందరూ భోజనాలకు లేచారు.

ఖాళీ చర్చిలో చెరుకు కట్టకు ఆనుకుని గిటారు మిగిలింది. పిప్పి బెల్టు పట్టీ నల్ల బండల మీద జారి, ఒక మనిషి భుజం పట్టేంత వంపుతో పడి ఉంది. బయట రోడ్డు మీద చెరుకు లారీ ఒకటి బరువుగా పోయింది. కిటికీలో లప్పం ఊడిన అద్దం వణికింది, దానితోపాటే నాలుగో తీగ ఎవరూ మీటకుండానే సన్నగా కదిలి, లారీ మలుపు తిరిగినా ఇంకాసేపు కదులుతూనే ఉంది.